నీళ్ళు ఎటు పోతాయో చూపించిన మేడమ్

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం ఫోన్లో ఏదో మ్యాపు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. నేను దొండకాయలు తరుగుతున్నాను. "అమ్మా, ఇందులో మన ఊరెక్కడుందో చూపించు" అంది. చూశాను. గోదావరి రెండు పాయల మధ్య అంతా నీలం రంగు పులిమేసి ఉంది. మా ఊరు లేదు, ముక్తేశ్వరం లేదు, అమలాపురం కూడా లేదు. "ఏముందే ఇందులో, సముద్రం తప్ప?" అన్నాను. "అదేనమ్మా. మేం పెద్దయ్యేసరికి కోనసీమ ఇలా అయిపోతుందంట" అంది. "ముందు నువ్వు పెద్దవ్వు, తర్వాత చూద్దాం" అని మళ్ళీ దొండకాయల మీద పడ్డాను.

నా తీరే అంత. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. చేతికి కత్తెర ఎంత అలవాటో నోటికి వెటకారం అంత అలవాటు. మా ఊళ్ళో దీన్ని ఎవరూ తప్పుగా తీసుకోరు, పైగా రెండు మాటలు ఎక్కువే అంటారు. కానీ ఆ రోజు నా కూతురు నవ్వలేదు. ఫోను పట్టుకుని వచ్చినదారినే వెళ్ళిపోయింది.

ఆషాఢం వెళ్ళి శ్రావణం వచ్చింది. వాన చప్పుడు వినపడితే చాలు, పిల్ల మంచం దిగి గుమ్మందాకా వెళ్ళి, వాకిట్లోకి నీళ్ళు ఎంతవరకూ వచ్చాయో చూసి వచ్చేది. మళ్ళీ పడుకునేది కాదు. కంచంలో అన్నం కెలుకుతూ కూర్చునేది. పుస్తకం తియ్యవే అంటే "చదివి ఏం చెయ్యాలమ్మా?" అనేది. అదేదో ఎదురు చెప్పినట్టు అంటే నాలుగు తగిలించేదాన్ని. నిజంగానే నన్ను అడుగుతున్నట్టు అనేది.

మా ఆయన కువైట్లో డ్రైవరు. అప్పటికి మేం మా స్థలంలో వెనకవైపు రేకుల షెడ్డు వేసుకుని ఉంటున్నాం, నేను, పిల్ల, మా అత్తగారు. ముందువైపు ఇల్లు కట్టాలని ఆయన కోరిక. ఆ ఏడు పునాది తియ్యాలని అనుకుంటున్నాం. ఒక శుక్రవారం ఆయన వీడియో కాల్ చేసి ఇంటి కబుర్లు మొదలెట్టగానే ఈ పిల్ల ఫోను లాక్కుని ఏడుపు మొదలెట్టింది. "ఇక్కడ ఇల్లు కట్టొద్దు నాన్నా. ఇదంతా మునిగిపోద్ది. నేను ఇక్కడ ఉండను. మీరూ ఉండకండి. హైదరాబాదో ఎక్కడికో పోదాం" అంది. ఆయన ఏదో సర్దిచెప్పి ఫోను పెట్టేశారు. తర్వాత నాతో ఒక్కదానితో మాట్లాడినప్పుడు అన్నారు, "దానికోసమే కదే ఈ ఎండలో పడి ఉంటున్నాను. అదే ఉండనంటే ఇంకెవరికోసం కట్టాలి?" అని. ఆ గొంతు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

అందరూ తలో మందూ చెప్పారు. మా అత్తగారు ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీశారు. అమలాపురంలో డాక్టరుగారు బలానికి సీసా రాసిచ్చి, పరీక్షల భయమండీ, ఈ వయసులో మామూలే అన్నారు. అప్పటికి పరీక్షలు ఎక్కడో ఉన్నాయి. పక్కింటావిడ ఫోను లాగేసుకోమంది. లాగేసుకున్నాను. తీరా చూస్తే అదే భూతం సోషల్ పుస్తకంలో బొమ్మలతో సహా ఉంది. వేడెక్కే భూమి, కరిగే మంచు, మునిగే తీరాలు. నాకు ఒళ్ళు మండిపోయింది. కుడుతున్న జాకెట్టు అలాగే మిషను మీద వదిలేసి హైస్కూలుకి బయల్దేరాను.

సోషల్ చెప్పే మేడమ్‌గారిది రామచంద్రపురం. రోజూ బస్సులో కోటిపల్లి వచ్చి, పంటు మీద గోదావరి దాటి, ముక్తేశ్వరం రేవులో దిగి, ఆటోలో మా ఊరు వచ్చేవారు. నేను వెళ్ళేసరికి స్టాఫ్‌రూములో క్యారేజీ విప్పుకుంటున్నారు. నేను గుమ్మంలోంచే అందుకున్నాను.

"మేడమ్‌గారండీ, మీరు పిల్లలకి పాఠాలు చెప్తున్నారా, జడిపిస్తున్నారా?"

"లోపలికి రండమ్మా. ఎవరు జడుసుకున్నారు?" అన్నారావిడ. చెప్పాను. తిండి మానేసిన సంగతి, నిద్ర మానేసిన సంగతి, వాళ్ళ నాన్నతో అన్న మాట, అన్నీ. చెప్తూ చెప్తూ ఏడ్చేశాను కూడా. ఆవిడ క్యారేజీ మూత పెట్టేసి మొత్తం విన్నారు. విని, నేను ఊహించని మాట అడిగారు.

"వానొస్తే మీ వీధిలో నీళ్ళు ముందు ఎక్కడ నిలుస్తాయండీ?"

"మా చివరింటి మామ్మగారి వాకిట్లోనండీ."

"ఆ తర్వాత?"

"పాలకేంద్రం ముందు."

"అక్కణ్ణించి ఎటు పోతాయి?"

నేను ఆలోచనలో పడ్డాను. పుట్టింటినుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆ వీధిలోనే ఉన్నాను. "ఎటూ పోవండీ. ఉండీ ఉండీ ఇంకిపోతాయి" అన్నాను.

"ఆయ్. మీ అమ్మాయికి ఇందులో ఏదీ తెలీదండీ. ప్రపంచం అంతా ఎలా మునుగుతుందో తెలుసుగానీ, తన వీధిలో నీళ్ళు ఎటు పోతాయో తెలీదు. తప్పు పిల్లది కాదు. పాఠం మేం అలా చెప్పేం."

నాకు సగం అర్థమైంది, సగం కాలేదు. "అదంతా ఎందుకండీ, సముద్రం రాదని ఒక్కమాట చెప్పండి చాలు. మీరంటే దానికి గురి" అన్నాను.

"అబద్ధం చెప్పలేనమ్మా. సముద్రం పెరుగుతున్న మాట నిజమే."

"మరి ఇంకెందుకండీ మీరు?" అనేశాను. ఇంకొకరైతే బయటికి పొమ్మనేవారు. ఆవిడ నవ్వారు. "కార్తీకం వెళ్ళేదాకా ఆదివారాలు మీ వీధి నాకు ఇప్పించండి. తర్వాత మీరే చెప్దురుగాని, ఎందుకో" అన్నారు.

వీధి ఇప్పించడానికి అదేమన్నా నా సొత్తా? అయినా సరేనన్నాను. వానలు తగ్గాక ఆవిడ సెలవురోజు కూడా పంటు దాటి వచ్చారు. భుజానికి తాపీమేస్త్రీలు మట్టం చూసుకునే సన్నటి గొట్టం చుట్ట వేలాడుతోంది. వెనకాల క్లాసు పిల్లలు. గొట్టంలో కుంకం కలిపిన నీళ్ళు పోశారు. గొట్టం ఎంత పొడుగున్నా, రెండు కొసలు ఎక్కడ పెట్టినా, నీళ్ళు రెండుచోట్లా ఒకే మట్టంలో నిలబడతాయి కదా. అక్కణ్ణించి కిందికి టేపు పెట్టి కొలిస్తే ఏ నేల ఎత్తో ఏ నేల పల్లమో తెలిసిపోతుంది. మా అమ్మాయి అరుగు మీంచి దిగలేదు. "రా" అనీ "భయపడకు" అనీ ఆవిడ అనలేదు. గొట్టం కొస తెచ్చి దాని చేతిలో పెట్టి, "గట్టిగా పట్టుకో, దించేవంటే నీళ్ళన్నీ కారిపోతాయి" అని వెళ్ళిపోయారు. ఇంక అదెక్కడికి పోతుంది? నించుంది. సాయంత్రందాకా వీధి వీధంతా ఆ గొట్టంతోపాటే తిరిగింది.

వీధిలోవాళ్ళ ముచ్చట్లు చెప్పాలంటే అదొక పెద్ద కథ. రోడ్డు వెడల్పు చేస్తారేమోనని కొందరు గుమ్మాలు వేసుకున్నారు. ఇంకొకాయన తన ఇంటి మెట్లు కొలుస్తుంటే పక్కనే నించుని, "మాది ఎదురింటికంటే ఎత్తు, సరిగ్గా రాయండి" అని ఒకటే గోల. మా వైపు ఇల్లు కట్టడమంటే ముందు మెరక తోలించడమే. ట్రాక్టర్లతో మట్టి తెచ్చి స్థలం ఎత్తు చేసి, పక్కవాడికంటే ఒక మెట్టైనా పైన ఉండేలా చూసుకుని, అప్పుడు పునాది. పదేళ్ళు పోయాక పక్కవాడు కడితే వాడు మనకంటే ఒక మెట్టు పైకి కడతాడు. ఈ వరస మాకు ఎంత అలవాటంటే, ఇందులో వింత ఏమిటో మాకే తెలీదు.

మ్యాపు గియ్యడానికి తెల్లటి లైనింగు గుడ్డ నేనే ఇచ్చాను. మా అరుగు మీద పరిచి, నా మార్కింగు సుద్దలతోనే వీధి గీశారు. ఎత్తుగా ఉన్నచోట పసుపు, పల్లంగా ఉన్నచోట నీలం. కోనసీమ అంటే బల్లపరుపు నేల అని నా చిన్నప్పట్నుంచీ వింటున్నాను. ఆ గుడ్డ చూస్తే ఒక్క జానెడు తేడాతో ఒకరింట్లో పొయ్యి వెలుగుతోంది, ఒకరింట్లో పొయ్యిలోకి నీళ్ళొస్తున్నాయి. మా అమ్మాయి ఆ గుడ్డ ముందు మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూసింది. చూసి చూసి, ఫక్కున నవ్వింది.

"మేడమ్, మురుగుకాలవ దక్షిణాన ఉందండీ. అందరూ మెరక తోలించింది కూడా ఆ వైపేనండీ!"

నిజమే. వాస్తు ప్రకారం నైరుతి మెరకగా ఉండాలి, ఈశాన్యం పల్లంగా ఉండాలి. సిద్ధాంతిగారు ప్రతి ఇంటికీ అదే చెప్పారు, అందరూ అలాగే చేశారు. మా వీధిలో నీళ్ళు పోవడానికి ఉన్న దారి దక్షిణాన పొలాల పక్కన పారే మురుగుకాలవ ఒక్కటే. ఒక్కొక్క ఇల్లే కాలవవైపు గట్టు పోసుకుంటూ వచ్చింది. వాననీళ్ళన్నీ వెనక్కి తిరిగి వీధిలోకి పరిగెత్తి, మెరక తోలించుకోలేని మామ్మగారి వాకిట్లో చేరుతున్నాయి. వీధి వీధంతా కాలవకి వీపు తిప్పి కూర్చుంది. మా స్థలంలో కూడా మట్టి తోలించడానికి ట్రాక్టరు మాట్లాడి ఉంచాం.

పిల్లలు అందరూ నవ్వారు. మేడమ్‌గారూ నవ్వారు. నాకు వాస్తు పట్టలేదు, కాలవా పట్టలేదు. నా కూతురు నవ్వింది. అన్ని నెలల తర్వాత నవ్వింది. లోపలికి వెళ్ళి, పాలు పొంగుతున్నాయని వంక పెట్టుకుని, గోడకి ఆనుకుని నించున్నాను. ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

అయితే ఫిబ్రవరిలో పిల్లల్ని సముద్రం దగ్గరికి తీసుకెళ్తానన్నప్పుడు మళ్ళీ గొడవపడ్డాను. ఇప్పుడిప్పుడే కుదుటపడుతున్న పిల్లని తీసుకెళ్ళి ఆ సముద్రం ముందే నించోబెడతారా అని. "మీరూ రండమ్మా" అన్నారు. వెళ్ళాను. అంతర్వేది వైపు తీరంలో సముద్రం తినేసిన చోటు చూపించారు. వేళ్ళు బయటపడ్డ సరుగుడు చెట్లు, ఒరిగిపోయి తలలు నీళ్ళల్లో పెట్టిన కొబ్బరిచెట్లు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. గాజులు నొక్కుకునేంత గట్టిగా పట్టుకుంది. మేడమ్‌గారు భయం లేదు అని ఒక్కసారి కూడా అనలేదు. అక్కడ వలలు బాగుచేసుకుంటున్న ఒకావిణ్ణి, "ఇంతకుముందు రోడ్డు ఎక్కడుండేదండీ?" అని అడిగారు. ఆవిడ అలల్లోకి చెయ్యి చూపించింది. పిల్లలందరూ చూశారు.

అక్కణ్ణించి మడచెట్లున్న బురదలోకి తీసుకెళ్ళారు. తలా ఒక ముద్ద మట్టి తియ్యమన్నారు. ఇది ఎక్కడిదో చెప్పండన్నారు. గోదావరిదన్నారు పిల్లలు. "ఆయ్. నాసిక్ కొండలదీ, బస్తరు అడవులదీ, తెలంగాణ పొలాలదీ. ఏళ్ళతరబడి గోదావరి మోసుకొచ్చి ఇక్కడ పోస్తే, మనం దాన్ని కోనసీమ అంటున్నాం. ఇప్పుడు పైన ఆనకట్టల్లో మట్టి ఆగిపోతోంది. రావాల్సినంత రావట్లేదు. కింద మనం బోర్లేసి తోడేస్తున్నాం. అందుకని నేలా కుంగుతోంది, సముద్రమూ పెరుగుతోంది. ఈ మడచెట్లు ఉన్నచోట మట్టి నిలబడుతోంది, కొట్టేసినచోట పోతోంది" అని విడివిడిగా చెప్పారు.

"అయితే ఇందులో మన చేతిలో ఉన్నది కూడా ఉందాండీ?" అంది మా అమ్మాయి.

"కొంత ఉందమ్మా. కొంత లేదు. ఏది ఏదో తేల్చుకోడానికే మనం ఇంత దూరం వచ్చింది."

బస్సులో తిరిగి వస్తూ నేను సణుగుతూనే ఉన్నాను. రాజోలు దాటాక పిల్ల నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. అమలాపురం బస్టాండులో లేపితే "ఆకలేస్తోందమ్మా" అంది. మినపట్లు తినిపించాను. ఇంకోటి అడిగింది. నేను అప్పటికి సణగడం మానేశాను.

ఎండాకాలం అంతా మా అమ్మాయి ఆ మ్యాపు గుడ్డ చంకన పెట్టుకుని స్నేహితురాళ్ళతో ఇల్లిల్లూ తిరిగింది. మెరకలు తవ్వమని అడగలేదు, అడిగితే ఎవరు తవ్వుతారు? ప్రతి ఇంటి ప్రహరీ పక్కనా కాలవదాకా నీళ్ళు పారేలా సన్నటి బోదె వదలమని, అడ్డంగా ఉన్న ర్యాంపుల కింద తూము వెయ్యమని అడిగింది. చిన్నపిల్ల చెప్తే మేం వినాలా అన్నవాళ్ళున్నారు. సిద్ధాంతిగారి దగ్గరికి కూడా వెళ్ళింది. ఆయన గుడ్డ మీద కళ్ళజోడు పెట్టి చూసి, నీళ్ళు ముందు ఈశాన్యానికి వచ్చి, అక్కణ్ణించి తూములోపడి దక్షిణానికి వెళ్తే శాస్త్రానికి ఏ ఇబ్బందీ లేదమ్మా అని తేల్చారు. ఆయన మాట వీధికి వేదం. ఆ ఒక్క మాటతో సగంమంది దారికొచ్చారు. మిగతా సగం ఇప్పటికీ రాలేదు.

జులైలో గోదావరికి వరదొచ్చింది. పంటు ఆపేశారు. మేడమ్‌గారు చుట్టూ తిరిగి, రావులపాలెం మీదుగా బస్సులు మారి వచ్చేవారు. నదిలో నీళ్ళు ఎక్కువైతే మా మురుగుకాలవ ఎగదన్నుతుంది, దానిమీద వాన. ఆ రెండు రోజులూ నేను పిల్ల మొహమే చూస్తూ కూర్చున్నాను. అది నా వైపు చూడలేదు. పొద్దున్నే గొడుగేసుకుని వెళ్ళి మామ్మగారి బియ్యండబ్బా, పొయ్యీ మంచం మీదికి ఎత్తించి వచ్చింది. నీళ్ళు వచ్చాయి, రాకుండా పోలేదు. మామ్మగారి గుమ్మందాకా వచ్చాయి. కాలవ తగ్గగానే మా ప్రహరీ పక్క బోదెలోంచి గలగలా వెళ్ళిపోయాయి. అంతకుముందు ఇంకిపోయేదాకా ఉండే నీళ్ళు, ఆ సాయంత్రానికే లేవు. మామ్మగారు వాకిట్లో ముగ్గేసుకున్నారు.

"సముద్రం సంగతి ఏమైందే?" అని అడిగాను, దాని తడిసిన తల తుడుస్తూ. అడగాలా వద్దా అని తటపటాయిస్తూనే అడిగాను.

"వస్తుందమ్మా. భయం ఉంది. ఎందుకు లేదు? కానీ అది రేపొద్దున్న రాదు. వచ్చేవానకి మాత్రం పాలకేంద్రం దగ్గర తూము వెయ్యాలి" అంది. నేను తుడుస్తున్న చెయ్యి ఆపేశాను. నా కూతురు భయం లేనట్టు నటించడం లేదు. భయంతోటే అన్నం తింటోంది, చదువుకుంటోంది, నిద్రపోతోంది.

ట్రాక్టరు వద్దన్నాం. స్థలం అంతా మెరక చెయ్యకుండా ఇంటి పునాది ఒక్కటే ఎత్తు లేపి, చుట్టూ నేల అలాగే వదిలెయ్యాలని తేల్చుకున్నాం. మా అత్తగారు మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు కాఫీ కోసం మాట్లాడారు.

వినాయక చవితి అయ్యాక మేస్త్రీ ప్లాను గీసి ఇచ్చాడు. మా ఆయన వీడియోలో ఉండగా కాగితం మిషను బల్లమీద పరిచాను. ఒక హాలు, వంటిల్లు, దేవుడి గది, మాకొక పడగ్గది. అంతే. పిల్ల ఉండనంది కదా అని ఆయన దానికి గది చెప్పలేదు. బాధపెట్టకూడదని నాకూ ఆ సంగతి చెప్పలేదు. అమ్మాయి కాగితం మీదికి వంగి చూసింది. "నా గదేది నాన్నా?" అంది.

అది నా పెన్సిలు తీసుకుని, దక్షిణం గోడ పక్కన ఒక గది గీసేసింది. దానికి బారెడు కిటికీ పెట్టింది.

"అది కాలవ ఎగదన్నే వైపు కదే?" అన్నాను.

"ఆ, తెలుసు. అందుకే అక్కడ పెట్టమంటున్నాను. చూసుకుంటూ ఉండాలి కదా" అని, ఇంకేమీ లేనట్టు జడ వేసుకోడానికి వెళ్ళిపోయింది. ఫోనులో మా ఆయన మొహం కనపడలేదు. పైకప్పు కనిపిస్తోంది. ఫోను పక్కన పెట్టేసి ఏడుస్తున్నారని తెలిసింది.

మేడమ్‌గారికి ఫోను చేశాను. ఇన్నాళ్ళూ ఆవిడతో దెబ్బలాడడమే గాని ఒక్క మంచిమాట అని ఎరగను. ఎంత రుణపడి ఉన్నానో చెప్పాలనుకున్నాను. తీరా ఆవిడ ఫోను ఎత్తాక, "మా అమ్మాయి ఇంట్లో గది అడిగిందండీ" అన్నాను, అంతే.

ఆవిడ, "ఆయ్... కిటికీ ఏ వైపండీ?" అన్నారు.

"నీళ్ళొచ్చే వైపేనండీ" అన్నాను.